కొల్లేరు తర్వాత చూద్దాం, ముందు కాకి

విజయవాడలో ఏ ప్లేస్కూలు గోడ చూసినా ఒక పెంగ్విన్, ఒక ఆస్ట్రిచ్, ఒక ఫ్లెమింగో కనబడతాయి. నాలుగేళ్ల పిల్ల వేలు పెట్టి మూడింటి పేర్లూ గడగడా చెప్పేస్తుంది. అదే గోడకున్న కిటికీ బయట, ఏసీ డబ్బా వెనక సందులోకి గడ్డిపరకలు మోస్తున్న పిట్ట పేరు అడిగితే మాత్రం పిల్లకే కాదు, టీచరమ్మకీ, సాయంత్రం తీసుకెళ్లడానికి వచ్చిన నాన్నకీ నోరు పెగలదు. అది గోరింక. పసుపు ముక్కు, కంటి పక్కన పసుపు మచ్చ, ఎగిరితే రెక్కల్లో తళుక్కుమనే తెలుపు. ఊరంతా ఉంది. పెళ్లిఫొటో కింద ‘చిలకా గోరింకల్లా ఉన్నారు’ అని రాసేటప్పుడు తప్ప దాని ఊసు మనకు రాదు. (ఆ పోలిక ఎవరు పుట్టించారో గాని, నిజానికి చెట్టుతొర్ర కోసం చిలకా గోరింకా ఒకదాన్నొకటి తరుముకుంటాయి. కొత్త దంపతులకు ఆ సంగతి చెప్పకపోవడమే మంచిది.)

పిల్లలకు పక్షుల మీద ఆసక్తి కలిగించాలనే మాట ఈమధ్య తరచుగా వినబడుతోంది. మంచిదే. కానీ ఆ మాట అన్నవాళ్లు చేసే మొదటి పని ఏమిటంటే, ఆదివారం కారు తీసి కైకలూరు దగ్గర ఆటపాకకో, గుంటూరు దగ్గర ఉప్పలపాడుకో బయల్దేరడం. అక్కడ గూడబాతులు వందల్లో ఉంటాయి, ఎర్రకాళ్ల కొంగలు చెట్లు వంగిపోయేలా గూళ్లు కడతాయి. చూడదగ్గ దృశ్యమే, కాదనను. అయితే అయిదారేళ్ల పిల్లకు అదంతా దూరాన కదిలే తెల్లటి గుంపు. ఎండ, దాహం, బైనాక్యులర్స్ కోసం అన్నతో పేచీ. ఇంటికొచ్చాక ‘పక్షులు’ అంటే టికెట్టు కొని చూసేవి, ఏడాదికోసారి చూసేవి అని మనసులో పడిపోతుంది. జూలో పులి లాగా. వరస తప్పడమే ఇక్కడ అసలు లోపం. చిన్నపిల్లల పక్షుల చదువు రోజూ కనబడే పది పిట్టలతో, ఇంటి కిటికీ దగ్గర, తెలుగు పేర్లతో మొదలవ్వాలి. కొల్లేరు ఆ చదువులో పై తరగతి. అక్షరాలు దిద్దించకుండా పిల్లల్ని పై తరగతిలో కూర్చోబెడుతున్నాం.

చిన్నవయసులోనే ఎందుకంటారా? కేంబ్రిడ్జి పరిశోధకులు బ్రిటన్ బడిపిల్లలతో చేసిన ఒక పరిశీలన 2002లో సైన్స్ పత్రికలో వచ్చింది. కొన్ని కార్డుల మీద ఆ దేశంలో మామూలుగా కనబడే మొక్కలు, ప్రాణుల బొమ్మలు, మరికొన్నిటి మీద పోకెమాన్ పాత్రల బొమ్మలు పెట్టి పేర్లు చెప్పమన్నారు. నాలుగేళ్ల పిల్లలు ప్రాణుల్లో నూటికి 32 చెప్పారు, పోకెమాన్‌లో 7 మాత్రమే. ఎనిమిదేళ్లు వచ్చేసరికి ప్రాణులు 53 దగ్గర ఆగిపోయాయి, పోకెమాన్ 78కి ఎక్కింది. ఈ అంకెల్ని చూసి ‘ఈ కాలం పిల్లలు’ అని నిట్టూర్చడం తేలిక. నాకు మాత్రం రెండు సంగతులు తోస్తున్నాయి. ఒకటి, పిల్లల జ్ఞాపకశక్తికి ఏ లోటూ లేదు. వందల కొద్దీ బొమ్మల పేర్లు, వాటి రంగులు, దేనిమీద ఏది గెలుస్తుందో అన్నీ పట్టేస్తారు. పోకెమాన్‌ని పరిచయం చేయడానికి ఒక పెద్ద కంపెనీ ఉంది, గోరింకను పరిచయం చేయడానికి ఎవరూ లేరు, అంతే తేడా. రెండు, నాలుగేళ్లప్పుడు ఇంకా ప్రాణులదే పైచేయి. పోటీ నాలుగుకూ ఎనిమిదికీ మధ్య జరుగుతుంది. అమ్మ, నాన్న, అమ్మమ్మ, తాతయ్య రంగంలోకి దిగాల్సింది కూడా అప్పుడే. పన్నెండేళ్లకు ‘నేచర్ క్యాంపు’కి పంపి ఫోన్ చూస్తున్నాడని తిట్టడం వల్ల ఉపయోగం లేదు.

ఇక కాకితోనే ఎందుకు మొదలుపెట్టాలన్నది. మనం కాకిని తక్కువగా చూస్తాం గాని, మన భాషకు కాకి కావలసినంత పని పెట్టింది. కాకి గోల, కాకి బలగం, కాకి లెక్క, కాకిపిల్ల కాకికి ముద్దు. ఇవన్నీ ఎవరో ఒకరు తీరిగ్గా కాకిని చూసి చెప్పిన మాటలు. ఒక కాకి చస్తే పది కాకులు చేరి గోల పెట్టడం చూడనివాడు ‘కాకి బలగం’ అనలేడు. పిల్ల ముందు ఇలాంటి మాట ఒకటి పెట్టి, నిజమో కాదో చూసి చెప్పమంటే చాలు. మెడ దగ్గర బూడిదరంగు ఉన్నది ఊరకాకి, ఒళ్లంతా నలుపై ముక్కు లావుగా ఉన్నది బొంతకాకి. రెండు రకాల కాకులున్నాయని తెలిసిన రోజు ఆరేళ్ల పిల్లకు పండగే, ఎందుకంటే ఆ సంగతి నాన్నకు తెలియదు. వేసవి ముందు కాకి పుల్లలతో పాటు ఇనుపతీగ ముక్కలు కూడా నోట కరుచుకుపోతుంది, గూటికి. ఎక్కడిదా తీగ? ఎవరింటి డాబా మీదిది? అప్పుడే కోయిల కూత కూడా మొదలవుతుంది. మన సినిమా పాటలన్నీ ‘కోయిలమ్మ’ అని పిలుస్తాయి గాని, ఆ ‘కూ’ అని సాగదీసేది మగది. నల్లగా నిగనిగలాడుతూ ఎర్రకళ్లతో ఉంటుంది. ఆడది గోధుమరంగు మీద తెల్లచుక్కలతో కొమ్మల్లో కనబడకుండా కూర్చుంటుంది. చాలాసార్లు మగది కాకుల్ని రెచ్చగొట్టి తన వెంట తిప్పుకుంటుంది, ఆ సందులో ఆడది కాకి గూట్లో గుడ్డు పెట్టి జారుకుంటుంది. తర్వాత ఆ పిల్లకు తిండి మోసేది కాకమ్మే. దొంగతనం, మోసం, వేషం, పెంపకం, అన్నీ ఉన్న కథ. ఒక్క రూపాయి ఖర్చు లేకుండా వేపచెట్టు మీద రెండు నెలలు ఆడుతుంది. వానాకాలం పోయాక కూత ఆగిపోతే ‘కోయిల ఎటెళ్లింది?’ అని పిల్ల అడుగుతుంది. ఎటూ వెళ్లలేదు, నోరు మూసుకుని అదే చెట్టు మీద ఉంది. వెతికి పట్టుకోమనండి.

పేర్ల దగ్గర కాస్త ఆగాలి, ఎందుకంటే పోగొట్టుకుంటున్నది పిట్టల కన్నా ముందు వాటి పేర్లను. ‘పిట్ట’ అనే మన మాట ప్రపంచ పక్షిశాస్త్రంలో ఉందని ఎంతమందికి తెలుసు? 1816లో వియెయో అనే ఫ్రెంచి శాస్త్రవేత్త ఒక పక్షిజాతికి పెట్టిన శాస్త్రీయ నామమే ‘పిట్టా’. అది తెలుగు నుంచి వెళ్లిన మాట. తొమ్మిది రంగులున్న ఆ పక్షి చలికాలానికి ఉత్తరాది నుంచి దక్షిణాదికి వలస వస్తుంది. (ఇంగ్లీషుకు ‘బాండికూట్’ అనే మాటనిచ్చిన మన పందికొక్కు తర్వాత మనకు దక్కిన గౌరవం అది.) నెల్లూరులో వైద్యుడిగా పనిచేసిన జెర్డన్ 19వ శతాబ్దంలో దక్షిణ భారత పక్షుల గురించి రాస్తూ, పల్లెల్లో జనం చెప్పిన తెలుగు పేర్లను కూడా రాసుకున్నాడు. ఆయన ద్వారా 1848లో శాస్త్రలోకానికి తెలిసిన ఒక పక్షి 1900 తర్వాత ఎవరికీ కనబడలేదు, అంతరించిపోయిందనుకున్నారు. 1986 జనవరిలో కడప జిల్లా చిట్టడవిలో అది మళ్లీ దొరికింది. దాన్ని పట్టుకున్నది ఐతన్న అనే స్థానిక వేటగాడు. శాస్త్రజ్ఞులు కనుగొనలేకపోయినదాన్ని కలివి పొదల మధ్య రాత్రిళ్లు తిరిగే మనిషి కనుగొన్నాడు, ఎందుకంటే దానికి అక్కడ ఒక పేరుంది: కలివికోడి. పేరున్నదానికే ఊళ్లో చిరునామా ఉంటుంది. మన ఇళ్లలో ఇప్పుడు తేనెపిట్ట, పికిలిపిట్ట, లకుముకి, జెముడుకాకి, పసిరికపిట్ట అన్నీ కలిసి ‘బర్డ్’ అయిపోయాయి. అన్నిటికీ ఒకే పేరైతే అన్నీ ఒకేలా కనబడతాయి. ఇంగ్లీషు పేర్లు నేర్పొద్దని కాదు. ముందు అమ్మమ్మకు తెలిసిన పేరు చెప్పండి, తర్వాత పుస్తకంలో పేరు చెప్పండి. అమ్మమ్మ అవనిగడ్డలోనో గుడివాడలోనో ఉంటే ఫోన్ చేసి అడిగించండి. ఆ ఒక్క ఫోన్‌కాల్ కోసమైనా ఈ పని చేయొచ్చు.

‘మాది అపార్ట్‌మెంటండీ, పెరడెక్కడుంది’ అనేవాళ్లు వెంటనే తగులుతారు. బెజవాడలో నూటికి తొంభైమంది మాట అదే. పెరడు అంటే అరటిచెట్టు, నుయ్యి, గోడవారగా గోరింట ఉండాలనుకుంటే అలాంటి పెరళ్లు పోయాయి, నిజమే. కానీ పిట్టలు మన దస్తావేజులు చూసి హద్దులు గీసుకోవు. ఈ ఊరి మధ్య నుంచి బందరు కాలువ, ఏలూరు కాలువ, రైవస్ కాలువ పారుతున్నాయి. 1855లో కట్టిన ఆనకట్ట నాటి నుంచీ, 1957లో దాని స్థానంలో ప్రకాశం బ్యారేజీ వచ్చాక కూడా, ఈ నీళ్లు ఊరిని డెల్టాతో కట్టిపడేశాయి. నీళ్ల వెంట పిట్టలు వస్తాయి. కాలువ పక్కన కరెంటు తీగ మీద నీలిరెక్కల లకుముకి, గట్టు మీద కదలకుండా కొంగజపం చేసే గుడికొంగ, తూటికాడల మధ్య నీటికోడి, ఇవేవీ చూడ్డానికి టికెట్టు అక్కర్లేదు. స్కూలు వ్యాను కాలువ వంతెన మీద ట్రాఫిక్‌లో ఆగే మూడు నిమిషాలు చాలు. పొద్దుగూకే వేళ డాబా ఎక్కితే తెల్లకొంగలు బారులు తీరి గూళ్లకు తిరిగిపోతుంటాయి. చిలకలు అరుచుకుంటూ గుంపులు గుంపులుగా ఒకే దిక్కుకు పోతాయి. రోజూ ఏ దిక్కుకు? ఎన్ని గంటలకు? నాలుగో అంతస్తు పిల్లకు ఇది కింద ఇంటి పిల్లకన్నా బాగా కనబడుతుంది. బాల్కనీకి పావురాల వల కట్టించుకున్నవాళ్లు కూడా వల వెనక నుంచి చూడొచ్చు. మనం విసుక్కునే ఆ పావురమే మెడ ఉబ్బించి, గుండ్రంగా తిరుగుతూ, ఆడపావురం ముందు వంగి వంగి దండాలు పెట్టే తీరు ఏ కార్టూనుకూ తీసిపోదు.

ఇంకో అభ్యంతరం ఇంతకన్నా గట్టిది, పైకి అనకపోయినా అందరి మనసులోనూ ఉన్నది: దీనివల్ల ఏం వస్తుంది? ఆరో తరగతికే ‘ఐఐటీ ఫౌండేషన్’ మొదలయ్యే ఊరు ఇది. రెండో తరగతి పిల్ల సాయంత్రం అబాకస్‌కి వెళ్తుంది, ఆదివారం ఒలింపియాడ్ మోడల్ పేపరు రాస్తుంది. పిట్టల్ని చూస్తే ర్యాంకు వస్తుందని నేను చెప్పను. అలా చెప్పేవాళ్లను నమ్మొద్దనే అంటాను, ఎందుకంటే మర్నాడే ‘బర్డింగ్ కోచింగ్’ బోర్డు కడతారు. కానీ ఒక లెక్క మాత్రం తల్లిదండ్రులు చూడాలి. చైనాలోని గ్వాంగ్‌జౌలో 12 బడుల ఒకటో తరగతి పిల్లల మీద మూడేళ్లు ఒక అధ్యయనం చేశారు. సగం బడుల్లో రోజూ అదనంగా 40 నిమిషాలు పిల్లల్ని ఆరుబయట ఉంచారు. 2015లో వచ్చిన ఫలితాల ప్రకారం, మూడేళ్లలో మామూలు బడుల్లో నూటికి 39.5 మందికి హ్రస్వదృష్టి వస్తే, ఆరుబయట గడిపిన పిల్లల్లో 30.4 మందికి వచ్చింది. అక్కడా మనలాగే చదువుల ఒత్తిడి. ఆరుబయట పగటి వెలుతురులో గడపడమే కంటికి మేలు చేస్తుందని ఆ రంగంలో వాళ్ల అభిప్రాయం. మరి పిల్లను ఆరుబయటికి పంపితే రోజూ అక్కడ ఉండాలనిపించే సాకు ఒకటి కావాలి కదా. పిట్ట ఆ సాకు. పిల్లలు నిలకడగా ఒకచోట కూర్చోరంటారు. ఎవరు కూర్చోమన్నారు? పిట్ట వెంట మెడ తిప్పడం, మెట్లెక్కి డాబా మీదికి పరుగెత్తడం, దొరక్కపోతే గంతులేయడం, అంతా అందులో భాగమే.

డెల్టా పల్లెల్లో అభ్యంతరం వేరేలా ఉంటుంది, నా దృష్టిలో ఆలోచించాల్సింది దాని గురించే. కైకలూరు, మండవల్లి, కలిదిండి వైపు చేపల చెరువుల మీద తీగలు లాగుతారు, రిబ్బన్లు కడతారు, టపాకాయలు పేలుస్తారు. నీటికాకి మునిగిందంటే ముక్కున పిల్లచేపతోనే తేలుతుంది. రైతుకు అది సొమ్ము. జొన్న, మొక్కజొన్న వేసినవాడికి చిలక కూడా అంతే. ఆ ఇంట్లో పిల్లకు ‘పక్షులు మన నేస్తాలు’ అని పాఠం చెబితే, వాళ్ల నాన్న రాత్రంతా కాపలా కాసి వచ్చి వింటే నవ్వుతాడు. నవ్వాలి కూడా. నేస్తం అనే మాట ముందు మానేయాలి. పిల్లను ప్రేమించమని అడగొద్దు, చూడమని అడగండి. ఏ పిట్ట ఏం తింటోంది? నీటికాకి ఎన్నిసార్లు మునిగితే ఒక చేప దొరికింది? కొంగలు దుక్కి దున్నే ట్రాక్టరు వెనక ఎందుకు నడుస్తున్నాయి? ఏట్రింత పిట్ట గేదె వీపు మీద కూర్చుని దేనికోసం చూస్తోంది? ఇలా చూసిన పిల్లకు పొలం లెక్క రెండువైపులా అర్థమవుతుంది. వ్యవసాయ శాఖవాళ్లు పురుగు ఉధృతి తగ్గడానికి పొలంలో పక్షి స్థావరాలు పాతమని ఎప్పటినుంచో చెబుతున్నారు. పిట్టలు వాలడానికి వీలుగా పాతే కర్రలు అవి. పొలంలో ఎలుకల బాధ ఎరిగిన రైతుకు గుడ్లగూబ చేసే సాయం ఇంకొకరు చెప్పక్కర్లేదు, కానీ అది ఇంటి మీద కూస్తే అరిష్టమని కొట్టి చంపేదీ ఆ ఊళ్లోనే. నష్టం చేసే పిట్ట, మేలు చేసే పిట్ట, రెండూ చేసే పిట్ట అని విడదీసి చూడగలిగిన పిల్ల రేపు చెరువు రైతు అయినా, అటవీ శాఖలో ఆఫీసరైనా, కొల్లేరు గొడవ గురించి మనకన్నా తెలివిగా మాట్లాడుతుంది. 1999లో అభయారణ్యంగా ప్రకటించి, 2002లో రామ్‌సార్ జాబితాలో చేర్చి, 2006లో చెరువుగట్లు తెగ్గొట్టినా తెగని గొడవ అది. అటువైపు మనుషులకు పక్షులంటే పడదు, ఇటువైపు మనుషులకు చేపలరైతంటే పడదు. రెంటినీ ఒకే కంటితో చూసినవాళ్లు తక్కువ.

పల్లె పిల్లలకు మరో అదృష్టం గిజిగాడు. జాషువా పద్యాల్లో దాన్ని చదువుకున్న తరం ఇంకా ఉంది, చూసిన పిల్లలు తగ్గిపోతున్నారు. నాట్లు పడి చేను పచ్చబడే రోజుల్లో కాలువగట్టు మీది ఈతచెట్టు దగ్గర ఆగితే చాలు. మగపిట్ట వరి ఆకు అంచున గాటు పెట్టి, ఆ కొస కరుచుకుని ఎగురుతుంది. దారంలాంటి పీలిక చిరిగి వస్తుంది. దాంతో కొమ్మకు ముడివేసి, మొదట ఉయ్యాల లాంటి వలయం, తర్వాత తలకిందులు పెట్టిన టోపీ లాంటి సగం గూడు అల్లుతుంది. అక్కడ ఆపి, వేలాడుతూ రెక్కలు కొట్టి ఆడపిట్టను పిలుస్తుంది. ఆమె వచ్చి లోపలికి దూరి చూస్తుంది. నచ్చితే మిగతా సగం, కింది గొట్టం అల్లుతాడు. నచ్చకపోతే అంత పనీ వదిలేసి ఇంకో గూడు మొదలు. ఇల్లు చూసి గాని పిల్లనివ్వని ఊళ్లో పుట్టిన పిల్లలకు ఇందులో వివరించాల్సింది ఏమీ ఉండదు.

చేయకూడనివి కూడా కొన్ని చెప్పాలి. పంజరంలో చిలకను తెచ్చిపెడితే ఆసక్తి పుడుతుందనుకోవడం పొరపాటు, పైగా నేరం. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రామచిలకను పట్టడం, అమ్మడం, పెంచడం కుదరదు. 2018లో పాలపిట్టను మార్చి మన రాష్ట్ర పక్షిగా పెట్టుకున్నదీ దాన్నే. గూడు దగ్గరకు వెళ్లి ఫొటోలు తీయొద్దు. ఫోన్‌లో పిట్ట కూత వినిపిస్తే పేరు చెప్పే మెర్లిన్ లాంటి యాప్‌లు వచ్చాయి, బాగానే పనిచేస్తాయి. అవి పెద్దవాళ్ల జేబులో ఉండాలి. పిల్ల ముందు చెవితో వినాలి, ఊహించాలి, తప్పు చెప్పాలి, తర్వాతే ఫోన్. బర్డ్ ఫ్లూ భయం అబద్ధం కాదు. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల ఫారాల్లో కోళ్లు గుట్టలుగా చచ్చిపోవడం అందరం చూశాం. చచ్చిన పిట్టను ముట్టుకోకూడదు, రెట్టలు తాకితే సబ్బుతో చేతులు కడుక్కోవాలి. చూడ్డం అనేది దూరం నుంచి చేసే పని కాబట్టి ఇందులో ఇబ్బంది లేదు. ఎండాకాలం మట్టి మూకుడులో నీళ్లు పెట్టండి, రోజూ పారబోసి మార్చండి, లేకపోతే దోమల్ని పెంచినట్టే. ఇక పోటీలు. ఎవరెక్కువ పిట్టలు చెబుతారో అని బహుమతి పెట్టిన రోజే కాకి విలువ పోతుంది.

చివరి ప్రశ్న, అసలైన ప్రశ్న: చిన్నపిల్లలు చూస్తే పిట్టలకేం ఒరుగుతుంది? దీనికి జవాబు రాబందు చెబుతుంది. ఒకప్పుడు దేశమంతటా లక్షల్లో ఉన్న తెల్లవీపు రాబందు 1992, 2007 మధ్య 99.9 శాతం పోయింది. పశువులకు వాడిన డైక్లోఫెనాక్ మందే కారణమని 2004లో తేలింది, 2006లో పశువైద్యంలో దాన్ని నిషేధించారు. ఏటా లెక్క పెట్టే మనుషులు కొద్దిమంది ఉండబట్టి ఆ మాత్రమైనా తెలిసింది. మన ఊళ్లలో చచ్చిన గేదె దగ్గర రాబందులు వాలడం ఏ సంవత్సరంలో ఆగిపోయిందో అడిగితే జవాబు చెప్పేవాళ్లు దొరకరు. పోయిన సంగతి కూడా తెలియకుండా పోయాయి. పిచ్చుకది ఇంకో రకం కథ. రజనీకాంత్ ‘2.0’ చూసిన పిల్లలందరికీ సెల్‌టవర్లే పిచ్చుకల్ని చంపాయని గట్టి నమ్మకం. దేశవ్యాప్తంగా పక్షిప్రియులు రాసి పంపిన వివరాలతో తయారైన 2020 నివేదిక ప్రకారం, పిచ్చుకల సంఖ్య దేశం మొత్తం మీద ఇంచుమించు నిలకడగానే ఉంది, హైదరాబాదుతో సహా ఆరు మహానగరాల్లో తగ్గింది. అంటే ఎక్కడ తగ్గింది, ఎక్కడ తగ్గలేదు అన్నది లెక్కపెడితేనే తెలుస్తుంది. చూరు, దూలం, గోడకు వంచి తగిలించిన పటం వెనక సందు ఉన్న పెంకుటిళ్లు పోయినచోట గూడు పెట్టుకునే చోటు కూడా పోయింది. అదే వరసలో వచ్చిన 2023 నివేదికకు 30 వేల మందికి పైగా చూసిన మూడు కోట్ల నమోదులు ఆధారం. అందులోనే పాలపిట్ట బాగా తగ్గిపోతోందని తేలింది. దసరా నాడు దాన్ని చూస్తే శుభమని నమ్మే మనకు మిగతా 364 రోజులు అది గుర్తుండదు. ఈ మూడు కోట్లలో విజయవాడ డాబాల నుంచి, దివిసీమ గట్ల నుంచి వెళ్లినవి ఇంకా చాలా పెరగాలి. ఏటా ఫిబ్రవరిలో నాలుగు రోజులు ప్రపంచమంతా పెరటి పక్షులను లెక్కపెడుతుంది. అమెరికాలో 1998లో మొదలైన ఈ లెక్కలో 2013 నుంచి మన దేశమూ చేరింది. 15 నిమిషాలు చూసి రాస్తే చాలు, అంతకు మించి అర్హత అడగరు.

బడులు చేయగలిగిందీ తక్కువేం కాదు. శనివారం ‘నో బ్యాగ్ డే’ అంటున్నారు కాబట్టి, ఆ రోజు ఒక పావుగంట ఆవరణలో ఏ చెట్టు మీద ఏముందో చూసి నల్లబల్ల మీద రాస్తే ఏ బడ్జెట్టూ అక్కర్లేదు. మార్కులు మాత్రం వేయకండి. ఇంటికి సంబంధించినంతవరకు డెల్టా ఆచారమే ఒకటి చేతిలో ఉంది. కోతలప్పుడు మంచి కంకులు ఏరి, జడలా అల్లి, వరికుచ్చు కట్టి గుమ్మానికి వేలాడదీయడం. ఇప్పుడు దాన్ని అలంకారానికి కొని హాల్లో ఏసీ కింద పెడుతున్నారు. గుమ్మం బయట కడితే పిచ్చుక తలకిందులుగా వేలాడి, గింజను ముక్కుతో నలిపి, బియ్యం మింగి, ఊక గడప మీద రాలుస్తుంది. ఊడ్చేముందు పిల్లను పిలిచి ఆ ఊక చూపించండి. పిట్ట ఎప్పుడొచ్చిందో, ఎన్నొచ్చాయో తనే కాపు కాస్తుంది.

ఈ రాత్రికే ఫ్రిజ్ మీద ఒక తెల్లకాగితం అంటించి, పక్కన దారంతో ఒక పెన్సిలు వేలాడదీయండి. పిట్ట పేరు, చూసిన రోజు, ఏం చేస్తోంది, అని మూడు గళ్లు గీయండి. మొదటి వరస రేపు పొద్దున మీ అమ్మాయి చేతో, అబ్బాయి చేతో రాయించండి. కాకి అని రాసినా సరే, కాకి అనే రాయనివ్వండి.